ఆ మాట కాడ ఊఁ అన్నారు: ఒక ఉభాల పాటతో నా అనుభవం

శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెప్తున్నాను. పాఠాలు కాక నేను ప్రాణం పెట్టి చేసే పని ఇంకొకటుంది. ఊళ్లు తిరిగి జానపద పాటలు రాసుకోవడం, పిల్లలకు నేర్పి పాడించడం. ఆ పనిలో నేను చేసిన ఒక పెద్ద తప్పు, దాన్ని దిద్దుకోబోతే తెలిసిన ఒక సంగతి, రెండూ ఈ అనుభవంలో ఉన్నాయి. కులాన్ని తిట్టే పాటలు, ఆడపిల్లను చులకన చేసే పాటలు, కుంటిని గుడ్డిని వెక్కిరించే పాటలు మన పాత పాటల్లో బోలెడు. వాటిని పిల్లలకు చూపించాలా, చూపిస్తే ఎలా అని తర్జనభర్జన పడే తెలుగు మాస్టార్లకు, పాటల బృందాలు నడిపేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఊరి పేరు, కాలేజీ పేరు రాయడం లేదు. పాటలో ఉన్న కులం పేరు కూడా రాయను.

పాట ఎక్కడిది

మా వైపు వరినాట్లను ఉభాలంటాం. ఆడవాళ్లు వరసగా వంగి నాటుతూ ఉంటే ఒకావిడ పాట ఎత్తుతుంది, మిగతావాళ్లు వంత పాడతారు. ఈ పాటను పన్నెండేళ్ల కిందట ఆమదాలవలస వైపు ఒక ఊళ్లో, భూమున్న ఇంటి పెద్దావిడ దగ్గర రాసుకున్నాను. ఆవిడ నులకమంచం మీద కూర్చుని, మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేస్తూ, నవ్వుతూ పాడింది. ఐదు చరణాలు. పొద్దెక్కాక పొలానికి వచ్చిన ఒక కంబారి, అంటే పాలేరు, మీద పాట అది. వాడి రంగు ఎలాంటిదో, వాడేం తింటాడో, వాడి నీడ అంబలికుండ మీద పడితే ఏమవుతుందో, చరణానికొక వెక్కిరింత. ప్రతి చరణం చివర వాడి కులం పేరు, దానికి ‘గాడు’ తగిలించి.

వరస మాత్రం చాలా బాగుంటుంది. తకిట తకిట అని పరుగెత్తే నడక, ఒక్కసారి వింటే రెండు రోజులు నోట్లోంచి పోదు. నాకు ఆ పాట మీద ఇష్టం పుట్టింది ఆ వరస వల్లే అని ఒప్పుకోవాలి.

నోట్‌బుక్‌లో పాట కింద పాడిన ఆవిడ పేరు, వయసు, ఊరు, తేదీ రాసుకున్నాను. మేం జానపదం చదువుకున్నప్పుడు అలాగే నేర్పారు. పాటలో తిట్లు తిన్నవాళ్ల వీధి ఆ ఊళ్లోనే, అరకిలోమీటరు దూరంలో ఉంది. ఆ వీధికి వెళ్లి, ‘ఈ పాట మీకు తెలుసా’ అని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆగస్టు 29

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి, మా జిల్లా మనిషి. జనం మాట్లాడే భాషే రాతలో ఉండాలని జీవితమంతా పోరాడినాయన. ఆయన రోజున జనం పాటలు పాడకపోతే ఇంకేం పాడతామని ఏటా జానపద కార్యక్రమం పెడతాం. ఆ ఏడు కాస్త ధైర్యం చేద్దామనుకున్నాను. పల్లె అనగానే పచ్చని పొలాలు, బావా మరదళ్ల సరసాలు మాత్రమే అనుకునే పిల్లలకు, పాటలోనే పెత్తనం ఎలా దాక్కునుంటుందో చూపించాలన్నది నా ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

పద్నాలుగు మంది అమ్మాయిలు వంత, ఒకమ్మాయి పాట ఎత్తడం. వేదిక మీద వట్టి గొంతులైతే పలచగా ఉంటుందని డోలక్ పెట్టించాను. పొలంలో వాయిద్యం ఉండదు. చేతులు బురదలో ఉంటాయి కాబట్టి చప్పట్లు కూడా ఉండవు. ఆ తేడా ఎంత ముంచుతుందో అప్పుడు ఆలోచించలేదు. పాటకు ముందు నేను మైకు పట్టుకుని మూడు నిమిషాలు మాట్లాడాను. ఇది ఆనాటి సమాజం, ఈ మాటలు తప్పు, వీటిని మనం సమర్థించడం లేదు, అర్థం చేసుకోవడానికే పాడుతున్నాం, ఇలాంటివి.

తర్వాత వీడియో చూస్తూ లెక్కపెట్టాను. పాట ఎత్తిన అమ్మాయి ఆ మాట ఐదుసార్లు అంది. మా బృందం పద్ధతిలో చరణం చివరి ముక్కను వంతవాళ్లు రెండేసి సార్లు అందుకుంటారు. అంటే పద్నాలుగు గొంతులు పదిసార్లు. డోలక్ దెబ్బ సరిగ్గా ఆ మాట మీదే పడుతోంది. రెండో చరణం నుంచి హాలంతా చప్పట్లు, అవి కూడా ఆ మాట మీదే. మూడో చరణానికి వెనక వరసల్లో కుర్రాళ్లు వంత కలిపేశారు. నా మూడు నిమిషాల మాటలు ఎవరికీ గుర్తు లేవు. గుర్తుంటాయని నేనెలా అనుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మాటలకు తాళం లేదు, పాటకుంది.

వంతలో రెండో వరసలో ఎడమ పక్క నిలబడ్డ అమ్మాయిది ఆ కులమే. రిహార్సల్స్ పదిహేను రోజులు జరిగాయి. ఒక్క రోజు కూడా ఏమీ అనలేదు. వీడియోలో చూస్తే ఆమె పెదాలు మిగతా పాటంతా కదులుతున్నాయి, ఆ మాట దగ్గర మాత్రం మూసుకుంటున్నాయి. పదికి పదిసార్లూ. కళ్లు మైకు స్టాండు మీదే ఉన్నాయి. అన్ని రిహార్సల్స్‌లో ఎదురుగా నిలబడి తాళం తప్పినవాళ్లను పట్టుకున్నాను గానీ, ఇది పట్టుకోలేకపోయాను.

అదే రాత్రి ఎవరో నలభై సెకన్ల ముక్క వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. నా ముందుమాట అందులో లేదు, ఉండదు కూడా. వంత ఊపందుకున్న చోటే కత్తిరించారు. రెండో రోజు క్యాంటీన్ దగ్గర ఒక కుర్రాడు ఆ అమ్మాయి వెనక ఆ లైను కూనిరాగం తీశాడు. మూడో రోజు నుంచి ఆమె కాలేజీకి రాలేదు.

ఇక్కడ చట్టం సంగతి ఒక్క ముక్క చెప్పాలి, చాలామంది మాస్టార్లకు తెలియదు కాబట్టి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. ఆ వర్గాలకు చెందని వ్యక్తి, నలుగురి ఎదుట, ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కులం పేరుతో దూషించడం సెక్షన్ 3(1)(ఎస్) కింద నేరం. క్యాంటీన్ దగ్గర ఆ కుర్రాడు చేసింది కళాప్రదర్శన కాదు. వాడి చేతికి ఆ లైను అందించింది మాత్రం నేనే.

ఆ ఇంట్లో

సహోద్యోగి ఒకావిడను తోడు తీసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. నాన్న తాపీ పని చేస్తాడు. కుర్చీలు వేశాడు, మంచినీళ్లిచ్చాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా కష్టమైంది. “మేడంగారూ, మా గుంటని సదివిద్దారని పంపినాం. ఇంటి కాడ మేం మర్సిపోయిన మాట, కాలేజీలో గేపకం సేసినారు” అన్నాడు. అంతే అన్నాడు. నేను క్షమాపణ చెప్పాను. వివరణ ఇవ్వబోతే నా పక్కావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. మంచి పని చేసింది.

గుమ్మం పక్కన చేటలో బియ్యం ఏరుతూ కూర్చున్న మామ్మ అంతసేపూ తలెత్తలేదు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. మేం లేవబోతుంటే అడిగింది, ఏ పాట అని. చెప్పాను. మొదటి పాదం ఆవిడే అందుకుంది.

“ఆ పాట నానూ పాడినాను తల్లీ. ఉభాలకి మా బుగత గట్టు మీద గొడుగేసుకొని నిలబడీవోడు. ఆ పాట పాడండే అనీవోడు. పాడకపోతే సాయంత్రం కూలి కొలత కాడ సణిగీవోడు.” బుగత అంటే మా వైపు భూమున్న ఆసామి.

“మరి ఆ మాట కూడా పాడేవారా మామ్మా?”

ఆవిడ చేట కింద పెట్టింది. “ఆ మాట కాడ ఊఁ అనీసీవోళ్లం. నోరిప్పితే కదా మాట. అందరం ఒక్కపాలే ఊఁ అనీసి, నారు గుచ్చీవోళ్లం. గట్టు మీదున్నోడికి ఏటి ఇనిపిస్తాది? పాట ఇనిపిస్తాది.”

పాడి చూపించింది. ఎడమ అరచేతిలో నారు కట్ట ఉన్నట్టు పట్టుకుని, చరణం చివరికి వచ్చేసరికి పెదాలు బిగించి, ముక్కుతో ఒక పొట్టి ఊఁ. అదే క్షణంలో కుడిచేతి మూడు వేళ్లు కిందికి దిగాయి. గచ్చు నేల మీద టక్కుమని చప్పుడైంది. తాళం ఎక్కడా తప్పలేదు. మనవరాలు తలుపు వారగా నిలబడి చూస్తోంది. ఆమె ముఖం చూస్తే అర్థమైంది, మామ్మ నోట ఆ పాట ఆమె వినడం అదే మొదటిసారి. వేదిక మీద తను చేసింది, మామ్మ మడిలో చేసింది ఒక్కటేనని ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

నా నోట్‌బుక్‌లో ఉన్నది గట్టు మీద నిలబడ్డవాడికి వినిపించిన పాట. మడిలో ఉన్నవాళ్ల పాట ఇది. రెండింటికీ అక్షరాలు ఒకటే.

ఏం చేయాలన్న చర్చ

ఆ అమ్మాయి వారం తర్వాత కాలేజీకి వచ్చింది. అందరి ముందు క్షమాపణ చెప్పనా అని అడిగాను. వద్దంది, మళ్లీ అందరూ నన్నే చూస్తారంది. అందుకే చెప్పలేదు. తప్పు చేసినవాళ్లు తమ మనసు తేలిక చేసుకోవడానికి అవతలివాళ్లను మళ్లీ వేదిక ఎక్కించకూడదు. క్యాంటీన్ కుర్రాడి విషయం కాలేజీ కమిటీ చూసింది. వీడియో మాకు తెలిసిన మూడు గ్రూపుల్లోంచి తీయించాం. తెలియనివి ఎన్నో చెప్పలేను.

ఇలాంటి పాటలే ఇక వద్దని స్టాఫ్ మీటింగులో ఎక్కువమంది అన్నారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం చింతామణి నాటకం ప్రదర్శనను నిషేధించిన సంగతి ఒకరు గుర్తు చేశారు. సుబ్బిశెట్టి పాత్రతో తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేస్తే వచ్చిన ఉత్తర్వు అది. మనకెందుకు ఈ టెన్షన్ అన్నారు. నాకు ఆ ఉదాహరణలో వేరే విషయం కనపడింది. కాళ్లకూరి నారాయణరావుగారు రాసినదాని కంటే, జనం నవ్వుతున్నారని నాటక సమాజాలు చేరుస్తూ పోయిన మాటలే ఎక్కువ గొడవ తెచ్చాయని నాటకాల వాళ్లే చెప్తుంటారు. అంటే కాగితం మీద ఉన్నది ఒకటి, జనం ముందు పెరిగేది ఇంకొకటి. నా పాటకూ డోలక్ నేనే చేర్చాను కదా.

ఇంకొకరు, కులం పేరు తీసేసి ‘పాలేరుగాడు’ అని పెట్టేద్దాం అన్నారు. పాటల బృందాలు మామూలుగా చేసేది ఇదే. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే అది పనికి ఆలస్యమైనవాడి మీద చిన్న సరసం అయిపోతుంది. నీడ పడితే అంబలి పారబోసే సంగతి అర్థం లేకుండా పోతుంది. ఆ మామ్మ పళ్లు బిగపట్టి నాటిన రోజులు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి.

అసలు మోటు పాటలన్నిటినీ ఒకే గాట కట్టడం తప్పు. పెళ్లిళ్లలో వియ్యపురాళ్లు ఒకరినొకరు తిట్టుకునే పాటలున్నాయి. వాటిలో పచ్చి బూతులున్నా నాకు బెంగ లేదు, ఎందుకంటే అటువైపు నుంచి జవాబు వస్తుంది. ఈ పక్కవాళ్లు పెళ్లికొడుకు తల్లి నడుము మీద పాడితే, ఆ పక్కవాళ్లు పెళ్లికూతురి మేనత్త ముక్కు మీద పాడతారు. ముసలి పెళ్లికొడుకు మీద పాటలు వేరే రకం. పైకి తాతను ఎగతాళి చేస్తున్నట్టుంటాయి, కింద చూస్తే చంటిపిల్ల ఉంటుంది. ఉభాల పాట ఈ రెండూ కాదు. జవాబు చెప్పే వీల్లేని మనిషి మీద, ఆ మనిషి తరఫువాళ్ల నోటితోనే పాడించిన పాట. ఇలాంటి పాటకు వంత పెట్టడమే ప్రమాదం. వంత అనేది అందరి చేతా ఒప్పించే పని. మాటను మాటగా చెప్తే వినేవాళ్లు ఆలోచిస్తారు, వరసలో పెట్టి అందిస్తే అందుకుంటారు. నాలుగు వారాల చర్చలో నాకు తేలింది ఇదొక్కటే, ఈ అనుభవంతో నేను చెప్పదలుచుకున్నదీ ఇదే.

మామ్మను అడగడానికి మళ్లీ వెళ్లాను. మీ పద్ధతిలో పాడిస్తామన్నాను. “పాడించు. నాను రాను. నా గొంతు ఫోన్లో ఎక్కించకు” అంది. ఎక్కించలేదు.

విజయనగరంలో

డిసెంబరులో విజయనగరంలో ఉపాధ్యాయులకు ఒక శిక్షణ జరిగింది. అరవై మంది వరకు ఉన్నారు. తలుపులు వేసిన గది, ఫోన్లు బయట బల్ల మీద. డోలక్ లేదు. వేదిక కూడా లేదు, పిల్లలు నేల మీద వరసగా వంగి నిలబడ్డారు. ఆ కులం పేరు పాటకు ముందు నేను ఒకే ఒక్కసారి, మామూలు గొంతుతో చెప్పి, ఇది ఎవరి మీద పాటో చెప్పాను. ఇక పాటలో ఎవరూ అనరని కూడా చెప్పాను. ఆ అమ్మాయి బృందంలో లేదు. రానంది, నేను బతిమాలలేదు.

ముందు వియ్యపురాళ్ల పాటలు. గది నిండా నవ్వులు. తర్వాత ముసలి పెళ్లికొడుకు పాట. దానికీ నవ్వు మొదలైంది. అది తగ్గకముందే నేను 1897 కన్యాశుల్కం ముందుమాటలోంచి గురజాడ ఇచ్చిన లెక్క చదివాను. విజయనగరం మహారాజు ఆనందగజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయించారు. మూడేళ్లకు 1034 పెళ్లిళ్లు. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పాట పాడుకున్నది ఈ నేల మీదే, ఆ లెక్క తీసిందీ ఈ నేల మీదే. మళ్లీ అదే పాట పాడించాను, ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇలాంటి పాటకు ముందుమాట కంటే మధ్యమాట నయం. ఒకసారి నవ్వనివ్వాలి, తర్వాత లెక్క చెప్పాలి, అప్పుడు అదే పాట మళ్లీ వినిపించాలి.

చివర ఉభాల పాట. మొదటి చరణం చివర పిల్లలు పెదాలు బిగించి ఊఁ అని, వేళ్లు కిందికి దింపారు. కొందరికి అర్థం కాలేదు. రెండో చరణానికి గది సద్దుమణిగింది. మూడో చరణం చివర, ఊఁ పడాల్సిన చోట, వెనక నుంచి ఒక మగ గొంతు ఆ మాటను పూరించేసింది. కావాలని అన్నది కాదు. వరస ఆయన నోట్లోంచి లాగేసింది.

ఇలా జరగొచ్చని ముందే అనుకున్నాం. పాట ఎత్తే అమ్మాయి ఆపేసింది. కోపం లేకుండా, నేను నేర్పిన మాటే అడిగింది: “మాస్టారూ, ఆ మాట ఈ పాటలో మీకు ఎవరు నేర్పారండీ?”

ఆయనకు యాభై దాటి ఉంటాయి. లేచి నిలబడ్డారు. “మా అమ్మ పాడేది. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని” అన్నారు. కాసేపు నిలబడే ఉన్నారు. “మాకు ఒక కంబారి ఉండేవాడు. నన్ను భుజం మీద ఎక్కించుకుని ఏరు దాటించేవాడు. మా అమ్మ పాడేటప్పుడు అతను పెరట్లోనే ఉండేవాడనుకుంటా.”

తర్వాత గంటసేపు ఎవరూ టీకి లేవలేదు. ఒక్కొక్కరూ తమ ఇంట్లో విన్నవి చెప్పారు. కొందరు తిట్టినవాళ్ల ఇళ్ల నుంచి, కొందరు తిట్లు తిన్నవాళ్ల ఇళ్ల నుంచి. ఒకావిడ మాత్రం ఊఁ పద్ధతి తనకు నచ్చలేదంది. “మూసిన నోరు అందంగా కనపడుతోంది మేడమ్. మా అత్తలు నోరు మూసుకుని ఏడ్చారు” అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆవిడ చెప్పాక, పాట అయిపోయిన వెంటనే చప్పట్లు వద్దని ముందే అడుగుతున్నాం. అది చాలుతుందని అనుకోవడం లేదు.

ఇంకా తేలనివి ఉన్నాయి. తలుపులు వేసుకోగలిగే గది అందరికీ దొరకదు. ఊరి జాతరలో, కాలేజీ ఫెస్టులో ఈ పాట పాడించను, ఊఁ తో కూడా పాడించను. ఫోను ఉన్న చోట ముందుమాటకు విలువ లేదు. హైస్కూలు పిల్లలకు పాట వినిపించకుండా కాగితం మీద చూపించి మాట్లాడతాను. మా బృందంలో ఇప్పుడు ఏ పాటకైనా వంత కుదిర్చే ముందు, ఇందులో ఎవరి మీద మాట పడుతోందో ఆ ఇళ్లలో ఒక్కరినైనా అడిగామా అన్నది చూసుకుంటున్నాం.

ఆ అమ్మాయి ఫైనలియర్‌లో ఉంది. బృందంలోకి రాలేదు గానీ, ఒకరోజు నా నోట్‌బుక్ అడిగి తీసుకుంది. ఉభాల పాట పేజీలో, పాడిన పెద్దావిడ పేరు కింద, తన చేతిరాతతో రాసి ఇచ్చింది: ‘మడిలో పాడినవాళ్లు ఈ మాట దగ్గర ఊఁ అనేవారు. చెప్పింది మా మామ్మ.’ ఐదు చరణాల పక్కనా ఐదు గీతలు గీసింది.

ఆ నోట్‌బుక్‌నే మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. నలభై రెండో పేజీలో మా ఏజెన్సీ కొండల్లో ఉండే సవర గిరిజనుల తెలుగు యాసను వెక్కిరించే పాట ఒకటుంది, సంతలో పాడుకునేది. గిడుగువారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఆ సవరవాళ్ల భాషే నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. ఆయన పుట్టినరోజు కార్యక్రమంలో ఈ పాటను మేం రెండుసార్లు పాడించాం, ఒకసారి బహుమతి కూడా ఇచ్చాం. సంక్రాంతి సెలవుల్లో సవరవాళ్ల ఊళ్లున్న సీతంపేట వైపు వెళ్తున్నాను. ఆ పేజీలో పాడినవాళ్ల పేరు కింద రెండు లైన్లు ఖాళీగా వదిలాను.